గ్రాఫిటీతో అమ్మాయి బతకగలదా? అబ్బాయి పేరు పెట్టుకుంటే మంచిదా?

"నాకు 19 ఏళ్లు, వరంగల్. హిప్ హాప్ అంటే పిచ్చి. అమ్మాయినని తెలియకుండా అబ్బాయి పేరుతో గోడల మీద వేస్తే ఎలా ఉంటుంది? దీంతో బతకొచ్చా? ఇంట్లో ఏం చెప్పాలి?" అని అడిగావు. నాకు 33. హైదరాబాద్‌లో పదేళ్లుగా గోడల మీద గ్రాఫిటీ, బొమ్మలు వేయడమే నా పని. చెల్లెలి వయసుదానివి కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు.

ముందు పేరు సంగతి. గోడల మీద నేను రాసుకునే పేరు బుజ్జి. ఇంట్లో పిలిచే పేరే. మొదట్లో నేనూ నీలాగే ఆలోచించి, ఆడో మగో తేలని ఒక ఇంగ్లిష్ ముక్క పెట్టుకున్నాను. ఏడాది పాటు వేశాను. నచ్చినవాళ్లంతా "ఎవడ్రా వీడు, భలే వేశాడు" అన్నారు. ఎండలో మాడింది నేను, పేరు ఆ ఎవడికో పోయింది. చిరాకేసి బుజ్జి అని మార్చాను. మాతో బ్రేకింగ్ (హిప్ హాప్ డాన్స్) చేసే కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. ఇప్పుడు వాళ్ల ఫోన్లలో నా నంబర్ ఉన్నది ఆ పేరుతోనే.

ఆ ధైర్యం నాకు న్యూయార్క్‌లో గ్రాఫిటీ వేసిన లేడీ పింక్ వల్ల వచ్చింది. అసలు పేరు సాండ్రా ఫబారా. 1964లో ఈక్వడార్‌లో పుట్టి, న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగింది. ప్రేమించిన కుర్రాణ్ణి ప్యూర్టోరికో పంపేస్తే, ఆ బెంగతో 1979లో అతని పేరు గోడల మీద రాయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సొంత పేరు, సబ్‌వే రైళ్లు. 1983లో వచ్చిన 'వైల్డ్ స్టైల్' సినిమాలో నటించింది కూడా. పింక్ అంటేనే ఆడపిల్ల రంగు అంటారు కదా, దానికి ముందు లేడీ అని కూడా తగిలించుకుంది! అయినా "ఎవరో అబ్బాయిలు వేసిపెడుతున్నారు" అన్న మాట ఆమెకు తప్పలేదు. రాత్రిళ్లు ఆ మాట అన్నవాళ్లతో పాటు రైలు యార్డుల్లోకి వెళ్లి, వాళ్ల కళ్లముందే వేసి చూపించింది.

నా సంగతికొస్తే, మొదటి పెద్ద గోడ దగ్గర నేను పరంజా మీద ఉండగానే వాచ్‌మన్ కింద నుంచి "మీ సార్ ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు. నువ్వు ఏ పేరు పెట్టుకున్నా ఈ ప్రశ్న వస్తుంది. దానికోసం పేరు దాచుకోవడం దండగ. పైగా ఈ లోకంలో ఆడవాళ్లు కొత్తేం కాదు. 1970ల మొదట్లోనే న్యూయార్క్‌లో బార్బరా 62, ఈవా 62 అని ఇద్దరు ఊరంతా పేర్లు రాసేశారు. మన దేశంలో ఢిల్లీ నుంచి గ్రాఫిటీ వేసే డిజీ ఉంది, ఆమె హిప్ హాప్ డాన్సర్ కూడా.

ఇక అక్షరం. నువ్వు ముందు బొమ్మల జోలికి పోకు. గ్రాఫిటీ అంటే పేరు రాయడం, అందుకే వేసేవాళ్లు చాలామంది తమని ఆర్టిస్ట్ అనరు, రైటర్ అంటారు. నాకు అక్షరం నేర్పింది హిప్ హాప్ వాళ్లు కాదు, ఎన్నికల గోడలు, షాపు బోర్డులు రాసి రాసి రిటైరైన ఒక పెద్దాయన. దారానికి రంగుపొడి పూసి గోడకి లాగిపట్టి టప్‌మని కొడితే గీత పడుతుంది. ఆ గీత మీద తలకట్లన్నీ ఒకే ఎత్తులో నిలబెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంగ్లిష్ అక్షరాలకి కోణాలు, బాణాలు బాగా అతుకుతాయి. మన అక్షరం గుండ్రం, ఉబ్బిన బబుల్ అక్షరాలకి పుట్టినట్టుంటుంది. 'జ్జి'లో వత్తుని కిందికి లాగి బాణంలా తిప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు దాన్ని చూసే నా గోడని గుర్తుపడతారు.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. పేరు రాసినందుకు ఎవరూ డబ్బులివ్వరు. పేరు చూసి పిలిచి, కేఫ్‌కో, జిమ్‌కో, ఆఫీసుకో బొమ్మ వేయమంటారు. నా మొదటి సంపాదన ఒక డాన్స్ బ్యాటిల్‌కి వెనక గుడ్డ, 4 వేలు. అక్కడికొచ్చిన ఒక ర్యాపర్ పాటకి కవర్ వేయించుకున్నాడు, అతని స్నేహితుడి కేఫ్‌లో గోడ దొరికింది. అందుకే జామ్‌లకి, అంటే హిప్ హాప్ వాళ్లంతా కలిసే చోట్లకి, వెళ్లడం మానకు. లేడీ పింక్ కూడా రైళ్లు వదిలాక కాన్వాస్‌లు, భర్తతో కలిసి మ్యూరల్ (పెద్ద గోడ బొమ్మ) పనులు చేసి నిలబడింది. చదరపు అడుగు లెక్కన రేటు మాట్లాడు, సగం అడ్వాన్స్ తీసుకో. స్ప్రే క్యాన్లు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) ఖర్చు విడిగా రాయి. ప్రాక్టీసుకి కారు టచప్ స్ప్రేలు చాలు. సున్నం కొట్టిన గోడైతే బాగా గీకి ప్రైమర్ వేయి, లేకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. మంచి మాస్క్ లేకుండా మాత్రం క్యాన్ ముట్టుకోకు.

అనుమతి లేని గోడ వద్దు. మన దగ్గర 1997 నాటి చట్టం ఉంది, బహిరంగ స్థలాల్ని పాడుచేస్తే కేసు పెట్టొచ్చు. అబ్బాయిలకి అది రాత్రి సరదా కావచ్చు, నీకు ఇంట్లో ఫుల్‌స్టాప్ పడుతుంది.

పని రాతలో పెట్టుకో. నేను పెట్టుకోలేదు. పదకొండు రోజులు కష్టపడ్డ గోడ మీద ఒక కేఫ్ వాళ్లు నాలుగు నెలల్లో తెల్ల రంగు కొట్టేశారు, ఒక్క ఫోన్ లేదు. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ భవనం మీద బొమ్మల్ని 2013లో అలాగే తుడిచేస్తే, 2018లో కోర్టు 21 మంది ఆర్టిస్టులకి 67.5 లక్షల డాలర్లు ఇప్పించింది. మన దేశంలోనూ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీంచి పీకేసిన మ్యూరల్ కేసులో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇచ్చింది. నేను కోర్టుకి వెళ్లలేదు, రెండు రోజులు ఏడ్చి ఇంకో గోడ చూసుకున్నాను. ఆ రోజు నుంచి ఎన్నాళ్లు ఉంచుతారో కాగితం మీద రాయించుకుంటున్నాను.

ఇంట్లో అంటావా, నేను రైటర్ని అన్నాను. నాన్నకి రైటర్ అంటే పోలీస్ స్టేషన్ రైటరే తెలుసు, రెండు రోజులు సంతోషంగా ఉన్నాడు పాపం. నువ్వు అలా చేయకు. మొదటి చెక్ వచ్చాక గోడ దగ్గరికే తీసుకెళ్లి చూపించు.

ఇంకొకటి, ఇది నీకు ఏ అబ్బాయీ చెప్పడు. గోడ ఒప్పుకునే ముందు దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో, సాయంత్రం దాకా తెరిచి ఉంటుందో లేదో కనుక్కో. లేదంటే మంచి డబ్బులొచ్చే పనైనా సరే, వదిలేయ్. నేను రెండు వదిలేశాను.