మీ ఉత్తరాలు, మా జవాబులు: ఇక్కడ తెలుగోళ్లం, అక్కడ ఒడిశా బ్యాచ్

ఈసారి ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. మనం గొప్పా, వాళ్లు గొప్పా, అసలు మనం ఎవరం అని. అందుకే అన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: మాది బరంపురం, ఉద్యోగం భువనేశ్వర్‌లో. నాకు ఒడియా బాగా వచ్చు, అయినా ఆఫీసులో ఏ మాట వచ్చినా "మీ ఆంధ్రావాళ్లు" అంటారు. సంక్రాంతికి విశాఖ వెళ్తే మా బావలు "ఒడిశా బ్యాచ్ దిగింది" అని మొదలుపెడతారు. నేను ఏ వైపు మాట్లాడాలి?

బావలు అనకపోతే ఇంకెవరంటారు, వాళ్లని వదిలేయండి. ఆఫీసు సంగతికి వద్దాం. ఈ ఎగతాళికి ఒక వరస ఉంది, గమనించారా? కటక్ వాళ్లకి బరంపురం ఒడియా నవ్వులాట, బరంపురం వాళ్లకి పర్లాకిమిడి వాళ్ల మాట నవ్వులాట. అటు విజయవాడ వాళ్లు శ్రీకాకుళం యాసని సినిమాల్లో కామెడీకి వాడుకుంటారు, ఆ శ్రీకాకుళం వాళ్లే సరిహద్దు దాటి వచ్చిన మన తెలుగు విని "అదేం భాష బాబూ" అంటారు. ప్రతివాడికీ తనకంటే ఒక మెట్టు కింద ఎవడో ఒకడు కావాలి, అంతే. మీరు రెండు వరసల్లోనూ చివర్లో నిలబడ్డారు కాబట్టి రెండు పక్కల నుంచీ పడుతోంది.

ఈసారి ఎవరైనా "మీ ఆంధ్రావాళ్లు" అంటే బరంపురం గురించే చెప్పండి. దేశానికి 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే, తెలుగు ఇంట్లోనే. రెండేళ్లకోసారి ఊరంతా కదిలే బుఢీ ఠాకురాణీ యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది దేశిబెహరా గారింటికి, ఆయన డెరా నేతవాళ్ల పెద్ద. ఆ నేతవాళ్లు తెలుగుదేశం నుంచి వలస వచ్చిన దేవాంగులు. బరంపురం పట్టుచీర నేసిందీ వాళ్లే. ఒడియా ఊరి పెద్ద పండగకి తెలుగు మూలాలున్న ఇల్లు పుట్టిల్లయిన చోట "మీవాళ్లు, మావాళ్లు" అని గీత గీయాలంటే చాలా కష్టపడాలి.

అయితే ఒకటి. నవ్వులాట వేరు, ప్రమోషన్ దగ్గరో అద్దె ఇల్లు దగ్గరో అదే మాట అడ్డు రావడం వేరు. మొదటిదానికి మీరూ నాలుగు అనండి, కటక్ వాళ్ల మీద అనడానికి కొదవేం లేదు. రెండోది జరిగితే మాత్రం నవ్వి ఊరుకోవద్దు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న: ఛత్రపురం నుంచి రాస్తున్నాను. రసగుల్లా ఒడిశాదా, బెంగాల్‌దా? కోల్‌కతాలో ఉండే స్నేహితురాలితో పందెం కాశాను.

పందెం డబ్బులు ఎవరివి వాళ్లు తీసేసుకోండి. 'బంగ్లార్ రసొగొల్లా'కి భౌగోళిక గుర్తింపు 2017 నవంబర్ 14న వచ్చింది, 'ఒడిశా రసగొలా'కి 2019 జూలై 29న వచ్చింది. ఇద్దరికీ ఇచ్చారు! ఆ గుర్తింపు ఈ రకం ఈ ప్రాంతానిది అని చెబుతుంది గానీ మొట్టమొదట ఎవరు వండారో తేల్చదు. వాళ్లేమో 1868లో నవీన్ చంద్ర దాస్ కనిపెట్టాడంటారు, వీళ్లేమో పూరీ రథయాత్ర చివర అలిగిన లక్ష్మీదేవిని జగన్నాథుడు రసగుల్లా పెట్టి బతిమాలుకునే ఆచారం అంతకంటే చాలా పాతదంటారు. నా ఓటు అడిగితే, కటక్, భువనేశ్వర్ మధ్య పహాళ దగ్గర రోడ్డు పక్కన వేడివేడిగా దొరికే, కాస్త గోధుమరంగులో ఉండే మెత్తటి దానికే. దీనికి కారణం చరిత్ర కాదు, నాలుక.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. "రాజావారు మనల్ని ఒడిశాలో కలిపేశారు" అని మా తాతగారు ఇప్పటికీ బాధపడతారు. నా ఒడియా స్నేహితులకేమో ఆయన దేవుడు. ఎవరిది నిజం?

ఇద్దరిదీ. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఒడియావాళ్లకి వేరే రాష్ట్రం కావాలని వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, 1937లో ఆయనే దాని మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే పిలిచేవారు). దానికోసం తన జమీందారీలో చాలా భాగాన్ని మద్రాసు వైపే వదులుకున్నారు, పట్టణం మాత్రం ఇటు వచ్చింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం ఆంధ్రాలో ఉండటం అందుకే. ఇటువైపు నుంచి చూస్తే ఆయన త్యాగం చేసిన మనిషి.

ఇక తాతగారి వైపు. అదే ఊళ్లో, అదే రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు ఆ విలీనాన్ని గట్టిగా ఎదిరించారు. పట్టణం ఒడిశాకి వెళ్లాక అక్కడ ఉండటం ఇష్టం లేక రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. జీవితమంతా పెట్టి సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన మనిషి, తన భాష పేరు మీద తన ఊరే వదిలిపెట్టాల్సి వచ్చింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆయన ఏ ఊళ్లో అంతకాలం పనిచేశారో మాత్రం చాలామందికి గుర్తుండదు.

తాతగారికి నచ్చని మాట ఒకటి కూడా చెప్పాలి. ఒడియావాళ్లు 1903లో ఉత్కళ సమ్మిళని అనే తమ సంఘం పెట్టుకోవడానికి ఒక కారణం మనమే. గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ప్రభుత్వ కచేరీల్లో మన తెలుగువాళ్ల పెత్తనం, వాళ్ల భాషలో చదువు దొరక్క వాళ్ల ఇబ్బంది. ఇప్పుడు తెలుగు బళ్లు, తెలుగు టీచర్లు, తెలుగు పుస్తకాలు లేవని మనం పెట్టే అర్జీలు చదివితే ఊరి పేరు, భాష పేరు మార్చి వాళ్ల అర్జీలే కాపీ కొట్టామా అనిపిస్తుంది. కాబట్టి 1936 గొడవ తాతగారికి వదిలేసి, మీరు రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం పట్టుకోండి. భాషా అల్పసంఖ్యాక పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకి ఏర్పాట్లు చేయడానికి రాష్ట్రం ప్రయత్నించాలని అందులో ఉంది. అర్జీలో ఆ నంబరు రాయండి. మీ ఒడియా స్నేహితుల్లో ఒకరిద్దరి సంతకాలు కూడా పెట్టిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: కొఠియా వాళ్లకి రెండు రాష్ట్రాల రేషన్ అట, అదృష్టవంతులు కదా?

ఒడిశాలోని పొట్టంగికీ ఆంధ్రాలోని సాలూరుకీ మధ్య కొండల్లో, రెండు రాష్ట్రాలూ మావే అనే 21 ఊళ్లు అవి. కేసు 1968లో మొదలైంది. రెండు ప్రభుత్వాలూ పోటీ పడి పథకాలు ఇస్తాయి, నిజమే. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది. అర్ధశతాబ్దం దాటినా తమ ఊరు ఏ జిల్లాలో ఉందో తేలని వాళ్లని చూసి అసూయపడకండి.

ప్రశ్న: మాది గుణుపురం. అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇంటర్‌కి విశాఖ పంపిస్తే అక్కడే ఇంజనీరింగ్ సీటు వస్తుందని మావారు, ఇక్కడే చదివితే మేలని మా అన్నయ్య. ఇంట్లో రోజూ ఆంధ్రా గొప్పా ఒడిశా గొప్పా అని యుద్ధం. నాకు టెన్షన్‌గా ఉంది.

అమ్మా, ఈ ఉత్తరాల్లో నిజంగా తొందరపడాల్సింది మీరే. ఆంధ్రాలో రాష్ట్ర కౌన్సెలింగ్ సీట్లలో 85 శాతం స్థానికులకి. స్థానికుడు అనిపించుకోవాలంటే, మామూలుగా, అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఒక్క ఇంటర్‌కే పంపితే ఆ లెక్క సరిపోదు. మిగతా 15 శాతానికీ షరతులున్నాయి, తెలుగువాళ్లమైనంత మాత్రాన రాదు. ఈ సంగతి మీవారికి ఇవాళే చెప్పండి.

జాతీయ స్థాయిలో లెక్క వేరు. ఎన్‌ఐటీల్లో సొంత రాష్ట్రం కోటా పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యాడన్న దాన్నిబట్టి ఉంటుంది. ఒడిశాలో పాసైతే రూర్కెలా, ఆంధ్రాలో పాసైతే తాడేపల్లిగూడెం. ఐఐటీల్లో ఆ గొడవే లేదు. ఎటు పంపినా ఒక కోటా పోతుంది, ఇంకోటి రావచ్చు, రెండూ పోయే దారి మాత్రం ఒకటుంది: మధ్యలో తేల్చుకోలేక అటూ ఇటూ మార్చడం.

ఇంకొకటి, వాడు ఇక్కడే ఉండే పక్షంలో ఒడియాని సబ్జెక్టుగా వదిలించకండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి మామూలుగా మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పాసై ఉండాలి, తర్వాత విడిగా ఆ పరీక్ష రాయడం పెద్ద తలనొప్పి. నియమాలు ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి రెండు రాష్ట్రాల కౌన్సెలింగ్ బుక్‌లెట్లూ డౌన్‌లోడ్ చేసి, మీవారినీ అన్నయ్యగారినీ పక్కపక్కన కూర్చోబెట్టి చదివించండి. తొమ్మిదో తరగతి అడ్మిషన్లు మొదలయ్యేలోపు తేలిపోవాలి.