నెక్ లేచిందన్న గిటార్ కొనబోయే ముందు

చిన్నూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సెకండ్ హ్యాండ్ యమహా ఎఫ్310 గిటార్, కొండాపూర్‌లో, 6,000 రూపాయలు. "నెక్ కొంచెం లేచింది, ట్రస్ రాడ్ తిప్పితే సెట్ అయిపోతుంది" అని అమ్మే అబ్బాయి అన్నాడన్నావు. అతను అబద్ధం చెబుతున్నాడని నేననను. కానీ అంత సులువైతే ఆ రాడ్డేదో తనే తిప్పించి ఇంకో వెయ్యి ఎక్కువకి అమ్ముకునేవాడు కదా? ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నా.

నెక్ అంటే ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి మెడ, ఫ్రెట్లంటే దాని మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు పట్టీలు. తీగలు ఆ ఫ్రెట్ల మీద ఎత్తుగా ఉంటే చాలు, అందరూ "నెక్ బెండ్ అయింది" అనేస్తారు. జ్వరం వచ్చిందన్నంత మాత్రాన ఏ జబ్బో తేలిపోదు కదా, ఇదీ అంతే. నెక్ ముందుకు వంగి ఉండొచ్చు, బాడీతో కలిసే చోట కోణం తగ్గి ఉండొచ్చు, మెలితిరిగి ఉండొచ్చు, ఎక్కడో పగిలి అతికించింది కావొచ్చు. ట్రస్ రాడ్ అంటే నెక్ లోపల పొడవునా ఉండే ఉక్కు కడ్డీ. తీగలు నెక్‌ని ముందుకు లాగుతుంటే అది వెనక్కి నిలబెడుతుంది. వంపు ఒక్కటే దాని చేతిలో ఉంది. మిగతా మూడింటికీ ఆ కడ్డీని ఎంత తిప్పినా లాభం లేదు.

బయల్దేరే ముందు అతనికి ఫోన్ చేసి, గిటార్‌ని మామూలు శ్రుతిలో ట్యూన్ చేసి ఉంచమను, నువ్వెళ్లాక నీ ఫోన్‌లోని ట్యూనర్‌తో మళ్లీ చూసుకో. ఇది చాదస్తం కాదు. ఆరు స్టీల్ తీగలూ పూర్తిగా బిగిస్తే నెక్ మీద పడే లాగుడు దాదాపు 70 కిలోలు. తీగలు వదులు చేసి పెట్టిన గిటార్ నెక్ ఎప్పుడూ బుద్ధిమంతురాలిగానే కనిపిస్తుంది. ఇంటికి తెచ్చి బిగించాక అసలు రంగు బయటపడుతుంది.

వెంట 60 సెంటీమీటర్ల స్టీల్ స్కేలు తీసుకెళ్లు, రాణీగంజ్‌లో ఏ టూల్స్ షాపులోనైనా దొరుకుతుంది. రెండు మూడు విజిటింగ్ కార్డులు కూడా జేబులో వేసుకో.

ముందు కంటితో చూడు. హెడ్‌స్టాక్‌ని (తీగలు బిగించే మరలుండే తల) కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక కన్ను మూసి, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లుండే పలక) అంచు వెంబడి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల రెండో చివర ఉండే చెక్క) వైపు చూడు. మొదట ఆరో తీగ (అన్నిటికన్నా లావుది) వైపు అంచు, తర్వాత ఒకటో తీగ (అన్నిటికన్నా సన్నది) వైపు అంచు. రెండూ ఒకేలా, మధ్యలో కొద్దిగా లోతుగా కనిపిస్తే మామూలు వంపే. ఒకటి తిన్నగా ఉండి రెండోది వంగి ఉంటే నెక్ మెలితిరిగింది. అలాంటిది ఫ్రీగా ఇచ్చినా వద్దు, థాంక్స్ చెప్పి వచ్చెయ్.

ఇప్పుడు వంపు ఎంతో చూడాలి. ఆరో తీగని ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో నెక్ బాడీని కలిసే 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టు. ఆ రెంటి మధ్య తీగ తిన్నగా నిలబడుతుంది. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. ఒక విజిటింగ్ కార్డు దూరేంత, అంటే 0.2, 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టే. మూడు కార్డులు కలిపి దూరితే వంపు ఎక్కువైంది, ఇది ట్రస్ రాడ్‌తో పోయే రోగం, మనకి కావాల్సిందీ ఇదే. అసలు సందే లేకుండా, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలి వచ్చే జుయ్‌మనే చప్పుడు) వస్తుంటే నెక్ వెనక్కి వంగింది. రాడ్ బిగుసుకుపోకుండా ఉంటే దాన్ని వదులు చేసి సరిచేయొచ్చు.

అసలు కిటుకు ఇక్కడుంది. స్కేలు నిలబెట్టి 12వ ఫ్రెట్ పైన తీగ ఎంత ఎత్తులో ఉందో కొలువు. స్టీల్ స్కేలుకి సున్నా సరిగ్గా అంచు నుంచే మొదలవుతుంది కాబట్టి కొలవడం సులువు. ఆరో తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, ఒకటో తీగ దగ్గర రెండు, ఇటూఇటుగా ఉంటే హాయిగా వాయించొచ్చు. నాలుగు ఉంటే ఎఫ్ కార్డ్, అంటే చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి వాయించే స్వరాల గుత్తి, పట్టలేవు. (ఎఫ్ కార్డ్ రాక గిటార్‌ని అటక ఎక్కించినవాళ్లని మా చర్చి క్వయర్‌లో ఎంతమందినో చూశాను. చాలాసార్లు తప్పు వాళ్ల వేళ్లది కాదు, గిటార్‌ది.) ఏడో ఫ్రెట్ దగ్గర సందు సరిగ్గానే ఉండి, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం నాలుగు మిల్లీమీటర్లు వచ్చిందనుకో, అప్పుడు అనుమానించాల్సింది వంపుని కాదు, కోణాన్ని.

కోణానికి కూడా ఆ స్కేలే. ఎఫ్310లో నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనుకునే పట్టీ) నుంచి సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనుకునే పట్టీ) దాకా 634 మిల్లీమీటర్లు. మూడో తీగకీ నాలుగో తీగకీ మధ్య స్కేలుని అంచు మీద నిలబెట్టి, మొదటి ఫ్రెట్ నుంచి ఫ్రెట్ల మీదుగా బాడీ వైపు పోనిస్తే రెండో చివర బ్రిడ్జ్ చెక్క మీదికి వస్తుంది. చెక్క పైభాగాన్ని తాకుతూనో, వెంట్రుకవాసి పైగానో ఉంటే కోణం బాగుంది. పైకి ఎక్కకుండా బ్రిడ్జ్ ముందు అంచుకి గుద్దుకుని ఆగిపోతే నెక్ ముందుకి ఒరిగింది. ఒక జాగ్రత్త: వంపు బాగా ఎక్కువుంటే ఈ కొలత కాస్త అటూఇటూ చూపిస్తుంది, అందుకే ముందు వంపు చూడమన్నాను.

సాడిల్ కూడా చూడు, తీగలు ఆనుకునే ఆ తెల్ల పట్టీ. బ్రిడ్జ్ చెక్క పైకి అది మూడు మిల్లీమీటర్లైనా కనిపిస్తే అరగదీసి తీగలు దించుకునే వీలుంది. ఇప్పటికే అరగదీసి చెక్కలో కలిసిపోయేంత చేసి, అయినా తీగలు ఎత్తుగానే ఉన్నాయంటే ఇంక చేసేదేమీ మిగల్లేదు. నెక్ ఊడదీసి, హీల్ (నెక్ బాడీని కలిసే చోటి మడమ) దగ్గర చెక్క తీసి, మళ్లీ కోణం కుదిర్చి అతికించాలి. నెక్ రీసెట్ అంటారు. ఖరీదైన గిటార్లకి ఆ పని చేయించుకోవడం సబబే. ఈ ధర గిటార్‌కి దండగ.

పగుళ్ల సంగతి తొందరగానే తేలిపోతుంది. నట్ వెనకాల, నెక్ హెడ్‌స్టాక్‌గా వంగే చోట, బొటనవేలు అటూ ఇటూ రాసి చూడు. గీత తగిలినా, అక్కడ మాత్రం పాలిష్ వేరుగా మెరిసినా అతికించిందే. హీల్‌కీ బాడీకీ మధ్య, బ్రిడ్జ్ వెనక అంచు కింద విజిటింగ్ కార్డు మూల దూరుతుందేమో చూడు. దూరితే వద్దు.

చివరికి ట్రస్ రాడ్. ఈ మోడల్‌కి సౌండ్‌హోల్ (బాడీ మధ్యలోని గుండ్రటి రంధ్రం) లోపల నుంచి ఎలెన్ కీ (ఆరు పలకల చిన్న కడ్డీ) పెట్టి తిప్పాలి. నువ్వు తిప్పకు. అంత సులువన్నాడు కదా, అతన్నే పావు చుట్టు బిగించి చూపించమను. రాడ్ కదిలి, ఏడో ఫ్రెట్ సందు కాస్త తగ్గితే సంతోషం. మొరాయించినా, తల అరిగిపోయి కీ జారిపోతున్నా బలవంతం చేయొద్దు, రాడ్ పాడైందనుకుని లెక్క వేసుకో.

"వానాకాలం కదా, అందుకే లేచింది" అని కూడా అంటాడేమో. అందులో కొంత నిజముంది. జులై నుంచి మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, బాడీ పై చెక్క ఉబ్బి తీగలు కాస్త లేస్తాయి. మే ఎండల్లో ఆరిపోయి దిగుతాయి, ఫ్రెట్ల చివర్లు వేళ్లకి గుచ్చుకుంటాయి. కానీ తేమ వల్ల వచ్చే తేడా కొద్దిగానే. నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుని వాన మీదికి నెట్టేస్తే నమ్మకు.

ధర దగ్గరికి వద్దాం. అబిడ్స్‌లోనో సికింద్రాబాద్‌లోనో రెండు షాపులకి ఫోన్ చేసి కొత్తది ఎంతో, సెటప్‌కి (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేసే పనికి) ఎంత తీసుకుంటారో కనుక్కో. కొత్త ధరలోంచి సెటప్, కొత్త తీగల ఖర్చు తీసెయ్. మిగిలినదాంట్లో సగం, నన్నడిగితే అదీ దాని విలువ. మొహమాటపడకు. అతను బెంగళూరు వెళ్లిపోతున్నాడన్నావుగా, ఊరు మారేవాళ్లకి గిటారూ ట్రెడ్‌మిల్లూ ఎంతకైనా వదిలించుకోవాలనే ఉంటుంది. గిటార్ చేతికి రాకుండా అడ్వాన్స్ మాత్రం పంపకు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బులు తిరిగొస్తాయంటే అక్కడితో మాటలు ఆపెయ్.

ఇది కుదరకపోయినా కంగారు పడి ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి స్టీల్ తీగలు బిగించింది ఏదో పట్టుకొచ్చేయకు. వాటిలో చాలావాటికి ట్రస్ రాడ్డే ఉండదు, ఆ లాగుడుకి నెక్ వంగిందంటే మళ్లీ తిన్నగా కాదు.

శనివారం పొద్దున వెళ్లు, అక్కడి నుంచే నాకు వీడియో కాల్ చెయ్. ఏడో ఫ్రెట్ దగ్గర సందు, బ్రిడ్జ్ దగ్గర స్కేలు చివర, ఈ రెండూ వెలుతుర్లో చూపించు చాలు. ఆదివారమైతే క్వయర్‌లో ఉంటాను, ఫోన్ ఎత్తను.

మీ అత్తమ్మ