మందులు మొదలవకముందే హద్దు రాసుకోండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పెళ్లయి ఏడేళ్లయింది. ఒకసారి ఐవీఎఫ్ చేయించుకున్నాం, నిలవలేదు. 2.1 లక్షలు ఖర్చయింది. మూడు ప్రయత్నాలకు కలిపి 4.5 లక్షల ప్యాకేజీ, దానికి మూడేళ్ల లోను ఇప్పిస్తామని క్లినిక్ వాళ్లు అంటున్నారు. మావారి జీతం 45 వేలు, నాది 33 వేలు. ఇంటి ఈఎంఐ 21 వేలు. 3 లక్షల ఎఫ్‌డీ, 14 తులాల బంగారం ఉన్నాయి. అత్తయ్య ప్లాటు అమ్మేయమంటున్నారు. చుట్టాల సీమంతాలకు వెళ్లడం కూడా మానేశాను. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ లోను మాత్రం వద్దు. 14 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు 15,400 కట్టాలి. మొదటిసారే గర్భం నిలిచిందనుకోండి. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే మీ జీతం ఆగవచ్చు. అప్పుడు మీవారి జీతంలో రెండు ఈఎంఐలు పోగా మిగిలేది 8,600. కడుపుతో ఉన్న మనిషికి ఆ టెన్షన్ ఉండకూడదు.

ముందు ఒక సంగతి కనుక్కోండి. పోయినసారి తయారైన పిండాల్లో ఫ్రీజ్ చేసినవి ఏమైనా మిగిలాయా? ఉంటే అండాల సేకరణ మళ్లీ అక్కర్లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం వాటిని పదేళ్ల వరకు దాచవచ్చు. మీకు అవకాశం ఎంతుందో కౌన్సెలింగ్‌లో వివరించడం కూడా ఆ చట్టం క్లినిక్ మీద పెట్టిన బాధ్యతే. మొహమాటపడకుండా అడగండి. ప్యాకేజీలో ఇంజెక్షన్లు, ఫ్రీజింగ్ కలిశాయా, మొదటిసారే నిలిస్తే మిగతా డబ్బు వెనక్కిస్తారా అన్నది రాయించుకోండి.

ఎఫ్‌డీలో లక్ష కదపకండి. మిగతా 2 లక్షలతో ఒక ప్రయత్నం చేయండి. అదీ కాకపోతే, ఈ వయసులో ఏళ్లకేళ్లు ఆగమని నేను చెప్పలేను. నాలుగైదు తులాలు తాకట్టు పెట్టి ఇంకొక్కసారి చూడండి. గోల్డ్ లోను వడ్డీ మామూలుగా పర్సనల్ లోను కన్నా తక్కువే.

ప్లాటు జోలికి వెళ్లొద్దు. పెద్ద మొత్తం చేతిలో ఉంటే ప్రతి ఓటమి తర్వాతా ‘ఇంకొక్కసారి’ అనిపిస్తుంది. ఎన్నిసార్లు, ఎంతవరకు అన్నది ఇప్పుడే ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. రిజల్టు వచ్చిన రోజు ఏడుస్తూ తీసుకోవాల్సిన నిర్ణయం కాదది.

ఆరోగ్య బీమా చాలావరకు ఈ చికిత్సకు వర్తించదు. ఆఫీసు గ్రూపు పాలసీలో ఉందేమో అడగండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు, అక్కడా విచారించండి.

సీమంతాలకు వెళ్లలేకపోవడం తప్పు కాదమ్మా. ఖర్చుల లెక్కలో కౌన్సెలర్ ఫీజు కూడా కలపండి. మీవారినీ తీసుకెళ్లండి. ఆయన బాధ గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు.