జర్మనీలో తెలుగింటి క్రిస్మస్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: స్టుట్‌గార్ట్ వచ్చి ఆరు నెలలైంది. ఇదే మాకిక్కడ మొదటి క్రిస్మస్. పండగ ముందురోజు బజారు పని పెట్టుకోవద్దంటున్నారు. ఊళ్లో అమ్మానాన్నలతో ఆరాధనలోనూ ఉండాలని ఉంది. ఎలా సర్దుకోవాలండీ?

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే. డిసెంబర్ 24న మధ్యాహ్నం 2 గంటలకల్లా దాదాపు అన్ని దుకాణాలూ మూసేస్తారు. 25, 26 రెండూ ప్రభుత్వ సెలవులు. 2026లో 25 శుక్రవారం పడింది కాబట్టి ఆదివారంతో కలిపి వరసగా మూడు రోజులు తెరవరు. బిర్యానీకి మాంసం, పెరుగు, పుదీనా 23 రాత్రికే ఫ్రిజ్‌లో ఉండాలి. మాంసం కొట్లో వారం ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక్కడివాళ్లకు అసలు పండగ 24 సాయంత్రమే. మధ్యాహ్నం చర్చిలో పిల్లల యేసు జనన నాటిక, చీకటి పడ్డాక ఇంట్లో కానుకలు. మనకేమో 25 పొద్దున. రెండింటికీ చోటుంది, ఏదీ వదులుకోవద్దు. చలికాలంలో జర్మనీ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. ఊళ్లో అర్ధరాత్రి 12కి ఆరాధన మొదలైతే మీకు రాత్రి 7:30. నాటిక చూసి ఇంటికొచ్చి, అన్నాలు తిని, ఫోన్ ముందు కూర్చోవచ్చు. 31 రాత్రి ఆరాధనకూ ఇదే లెక్క. 25 ఉదయం పదింటి ఆరాధన మాత్రం మీకు తెల్లవారుజామున 5:30 అవుతుంది. పసిపిల్లలుంటే దాని జోలికి పోకండి.

ఇంకో మాట. డిసెంబర్ 5వ తేదీ రాత్రి పిల్లల బూట్లు తుడిచి గుమ్మం బయట పెట్టించండి. 6 పొద్దునకు వాటిలో చాక్లెట్లు, కమలాలు, వేరుశనగకాయలు ఉండాలి. అది నికొలాస్ అనే పునీతుడి పండగ, ఆయనే వచ్చి అవి పెట్టాడని పిల్లల నమ్మకం. మర్చిపోతే బడిలో తోటిపిల్లల మధ్య మీ పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

ప్రశ్న: ఇండక్షన్ పొయ్యి మీద గులాబీ పువ్వులు వండితే అచ్చుకే అంటుకుపోతున్నాయి. కొన్నేమో పిండి గిన్నెలోనే జారిపోతున్నాయి.

జవాబు: రెండూ వేడితో వచ్చిన తిప్పలే. ముందు గిన్నె మార్చండి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు ఇండక్షన్ మీద సరిగ్గా కూర్చోదు, మామూలు అల్యూమినియం మూకుడైతే అసలు వేడెక్కదు. అయస్కాంతం అంటుకునే మందపాటి చదును అడుగు గిన్నె తీసుకోండి. 16 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెలో లీటరు నూనె పోస్తే సుమారు 5 సెంటీమీటర్ల లోతు వస్తుంది, అచ్చు మునగడానికి అది చాలు. నూనె సగానికి మించకూడదు.

పిండికి కొలతలు: 405 రకం గోధుమ పిండి (మన మైదాకు దగ్గరిది) 150 గ్రాములు, బియ్యప్పిండి 100, పంచదార పొడి 80, గుడ్డు ఒకటి, డబ్బా కొబ్బరిపాలు 250 మి.లీ., చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు. తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ దోసెల పిండికన్నా కాస్త పలచగా కలిపి అరగంట ఉంచండి. తీపి ఎక్కువ కావాలని పంచదార పెంచొద్దు, అదే మాడి అచ్చుకు పట్టేస్తుంది.

నూనె 170, 180 డిగ్రీల మధ్య ఉండాలి. పది యూరోల వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఇండక్షన్ మీద చూపు అంచనా పనికిరాదు. కొత్త అచ్చయితే ముందు పది నిమిషాలు కాగే నూనెలో ఉంచండి. తీసి, నూనె కార్చి, కాగితం మీద ఒకసారి అద్ది, పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచండి. చుయ్యిమని సన్నగా వినిపించాలి. పిండి అచ్చు పైఅంచు దాటిందా, పువ్వు ఇక ఊడదు. అచ్చు చల్లగా ఉన్నా పువ్వు పట్టుకుని వదలదు. మరీ కాలిపోతున్నా, నూనె కారుతున్నా పిండి అంటకుండా గిన్నెలోకి జారుతుంది. నూనెలో అర నిమిషం ఆగి మెల్లగా ఊపితే పువ్వు తనంతట తనే విడుతుంది. తర్వాతి పువ్వుకు ముందు అచ్చును మళ్లీ నూనెలో ఒక నిమిషం కాగనివ్వండి.

కిటికీ తెరిచి, వంటింటి తలుపు వేసుకోండి, లేకుంటే హాల్లో పొగ అలారం మోగుతుంది. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. పొయ్యి కట్టేసి మూత పెట్టండి.

ప్రశ్న: మన ఇళ్ల ముందు కట్టే స్టార్ ఇక్కడ దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది, అదీ ఎంతో చక్కనిది. సాక్సనీ రాష్ట్రంలోని హెర్న్‌హూట్ ఊళ్లో ఉండే మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ క్రైస్తవుల స్టార్ అది. 25 కొనలుంటాయి: నాలుగు పలకలవి 17, మూడు పలకలవి 8. విడి ముక్కలుగా వస్తే గంటకు పైగా పడుతుంది, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని బిగించండి. కాగితం స్టార్ గదిలోకే. బాల్కనీకైతే ప్లాస్టిక్‌ది కొనండి, వాన తగిలితే కాగితం నిలవదు.

ప్రశ్న: అమ్మ అరిసెలు, నెయ్యి, కోడి పచ్చడి పంపిస్తానంటోంది. రానిస్తారా?

జవాబు: నెయ్యి, కోవా, మాంసం పచ్చడి వద్దని చెప్పండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు పార్శిల్‌లోనూ, విమానం పెట్టెలోనూ తేనివ్వరు. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. నూనెలో వేయించిన అరిసెలు, జంతికలు, పొడులు పంపమనండి. నెయ్యి ఇక్కడే కాచుకోవచ్చు. ఉప్పు లేని వెన్న 250 గ్రాములకు 200 గ్రాముల దాకా వస్తుంది. సన్నని సెగ మీద కాస్తూ, అడుగున గసి బంగారు రంగుకు తిరగగానే దించేయండి.