గిల్టు నగలు పడని మనిషికి మోకాలి ఇంప్లాంటు పడుతుందా?

గిల్టు కమ్మలు పెడితే మీ అమ్మగారి చెవులు పుండ్లు పడతాయని, ఇప్పుడు మోకాలి చిప్ప మార్చాలన్నారని, ఆ లోహం ఒంటికి పడుతుందో లేదో ముందే చూస్తారా అని అడిగారు. మాది రాజోలు దగ్గర పల్లె. మా అమ్మకు రవిక హుక్కు తగిలిన చోట కూడా దద్దు లేచేది. కాబట్టి మీ భయం నాకు తెలుసు.

పరీక్షలు రెండు. వస్తువుకు ఒకటి, మనిషికి ఒకటి. మొదటిది ఐ.ఎస్.ఓ. 10993 ప్రకారం తయారీదారు చేయించాలి. వైద్య పరికరాలు ఒంటికి చేటు చేస్తాయా అని చూసే అంతర్జాతీయ ప్రమాణాలివి. ఇంప్లాంటును సాధారణంగా 37 డిగ్రీల వేడిలో ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచిన కణాలకు తగిలిస్తారు. బతికిన కణాలు 70 శాతం కన్నా తగ్గితే హానికరమని లెక్క. తర్వాత అలర్జీ తెస్తుందా, జంతువుల్లో అమర్చితే చుట్టూ ఉన్న కండ, ఎముక ఏమవుతున్నాయి అని చూస్తారు. ఇక్కడ పరీక్షకు నిలబడాల్సింది లోహపు ముద్ద కాదు, కోసి, కడిగి, స్టెరిలైజ్ చేసిన తుది వస్తువు. మేలైన టైటానియమే అయినా, కోతకు వాడిన నూనె మిగిలిపోతే ఒంటికి చేటే.

ఇంకొకటి, అది ఒంట్లో దేనితో రాసుకుంటుందన్నది. కోబాల్ట్-క్రోమియం మిశ్రలోహం దశాబ్దాలుగా కీళ్లలో వాడుతున్నదే. అదే లోహాన్ని లోహం మీద తిరిగేలా పెట్టిన ఏ.ఎస్.ఆర్. అనే రకం తుంటి కీలు మాత్రం రజను రాల్చి చుట్టూ ఉన్న కండను దెబ్బతీసింది. 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మోకాలిలో రెండు లోహపు భాగాల మధ్య పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పలక ఉంటుంది, కాబట్టి ఆ భయం ఇక్కడికి తెచ్చుకోకండి.

ఇక మనిషికి చేసేది. ఇలాంటి దద్దుర్లకు చాలాసార్లు నికెలే కారణం. మామూలు కోబాల్ట్-క్రోమియంలోనూ అది కొద్దిగా ఉంటుంది. మా అమ్మకు మోకాలి ఆపరేషనుకు ముందు చర్మవైద్యుల దగ్గర వీపుకు ప్యాచ్ టెస్ట్ పట్టీలు వేయించాం, అంటే అనుమానమున్న పదార్థాలను గడులుగా చర్మానికి అంటించి చూడటం. రెండు రోజులు తడవకూడదు, మన ఉక్కపోతలో పెద్దావిడకు అది శిక్షే, చల్లటి రోజులు చూసుకోండి. నికెల్ గడి ఎర్రబడింది. చర్మానికి పడనంత మాత్రాన కీలులో పడదని చెప్పలేమని, అలాంటి వాళ్లెందరో మామూలు ఇంప్లాంటుతో హాయిగా నడుస్తున్నారని సర్జన్ దాపరికం లేకుండా చెప్పారు. అయినా నికెల్ దాదాపు లేని ఆక్సిడైజ్డ్ జిర్కోనియం, టైటానియం రకమే ఎంచుకున్నాం. ధర ఎక్కువ. 2017లో ప్రభుత్వం వీటికి గరిష్ఠ ధరలు పెట్టింది, బిల్లులో ఇంప్లాంటు ధర విడిగా రాయించుకోండి.

నేను అలర్జీ కన్నా ఇన్‌ఫెక్షన్‌కే ఎక్కువ భయపడతాను. చేలో, చెరువు గట్టున నీళ్లలో నానే కాళ్లు మనవాళ్లవి. వేళ్ల సందుల్లో పుండ్లు, పళ్లలో చీము ఉంటే ఆపరేషనుకు ముందే మాన్పించండి. తర్వాత మోకాలు వాచి వేడెక్కితే ‘లోహం పడలేదు’ అని ఇంట్లోనే తేల్చకండి, ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి.

ఇంప్లాంటు పెట్టెలోని స్టిక్కర్లు, అంటే తయారీదారు పేరు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు ఉన్నవి, డిశ్చార్జి కాగితాలకు అంటించారో లేదో ఆసుపత్రి వదిలే ముందే చూసుకోండి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి, వరదకు బీరువాలు తడిసే ఊళ్లు మనవి. ఏదైనా తేడా వస్తే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాల వల్ల కలిగే ఇబ్బందులను గమనించే) కార్యక్రమానికి తెలియజేయవచ్చు. అప్పుడు ఆ లాట్ నంబరు కావాలి.