పట్టుచీరకు ఫాల్ నువ్వే కుట్టుకో

అమ్మలూ,

కొత్త పట్టుచీరకు ఫాల్ (చీర కింది అంచుకు లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ) వేయించాలి, ఎవరికివ్వను అని అడిగావు కదా. ఎవరికీ ఇవ్వకు, నువ్వే కుట్టుకో. మిషన్ కుట్టు పట్టు మీద వరసగా బెజ్జాలు పెడుతుంది. రేపు ఫాల్ మార్చాల్సి వచ్చి విప్పితే ఆ గుర్తులు అలాగే ఉండిపోతాయి. ముందు ఏదైనా పాత నూలు చీర మీద కాస్త చేయి తిరగనీ, టెన్షన్ పడకు.

ఫాల్ నూలు గుడ్డ, తడిస్తే కుదించుకుపోతుంది. కుట్టాక ఆ పని జరిగితే చీర అంచంతా ముడతలు పడుతుంది. అందుకని ముందే నీళ్లలో బాగా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. ముదురు రంగైతే రంగు దిగడం ఆగేదాకా నీళ్లు మార్చు. పికో, అంటే చీర చివర్ల పోగులు లేవకుండా వేసే మిషన్ కుట్టు, అది కూడా ఫాల్ కంటే ముందే చేయించుకో.

దారం చీర రంగులో ఉండాలి, ఎందుకంటే కుట్టు చుక్కలు కనిపించేది చీర పైవైపునే. ఫాల్ సుమారు 5 అంగుళాల వెడల్పు ఉంటుంది. నీ చీర అంచు అంతకంటే సన్నమైతే కుట్లలో పై వరస చీర ఒంటి మీదికి వస్తుంది, కింది వరస అంచు మీదే ఉంటుంది. అప్పుడు రెండు రంగుల దారాలు కావాలి. సూది సన్నది తీసుకో. ప్యాకెట్ మీద నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, పట్టుకు 10 నంబరు బాగుంటుంది. దారం మూరెడుకు మించి ఎక్కించకు, పొడుగైతే మెలికలు పడి చిక్కుకుంటుంది.

చాప మీద చీరను తిరగేసి పరుచు. కొంగు వైపు కాదు, నడుం దగ్గర మొదట దోపుకునే చివర నుంచి జానెడు వదిలి ఫాల్ మొదలుపెట్టు. అలా వదిలితేనే కుచ్చిళ్ల మొత్తానికీ ఫాల్ అందుతుంది. ఫాల్ రెండు చివర్లూ అర అంగుళం లోపలికి మడిచి, కింది అంచు చీర అంచుకు వెంట్రుకవాసి పైనే ఉండేలా పెట్టు. గుండుసూదులు పట్టులో గుర్తులు వదులుతాయి, వాటి బదులు పెద్దపెద్ద టాకాలు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్లు వేసుకో.

ముందు కింది వైపు కుట్టు. చీర మీద చుక్కంత, ఫాల్ మీద అర అంగుళం పొడుగు వచ్చేలా సూది దించి తీయి. పై వైపు హెమ్మింగ్: చీరలో ఒకటి రెండు పోగులు మాత్రమే ఎత్తి, సూదిని ఫాల్ అంచులోంచి తీయాలి. జరీ దగ్గర సూదిని జరీ పోగుల్లోకి గుచ్చకు, వాటి సందులోంచి పోనీ. ముళ్లన్నీ ఫాల్‌కీ చీరకీ మధ్య దాగాలి.

అన్నిటికంటే ముఖ్యం, దారం బిగించి లాగకు. ఇక్కడే కొత్తవాళ్ల చీరలు పాడవుతాయి. కుట్టు గట్టిగా ఉండాలని లాగుతారు, అంచు కుచ్చులు పడి కుచ్చిళ్లు నిలవవు. జానెడు కుట్టాక ఆగి, అరచేత్తో రాసి చూడు. ఎక్కడైనా ముడత తగిలితే అక్కడే దారం కొంచెం వదులు చెయ్యి, చివరిదాకా వెళ్లాక సరిచేయడం కష్టం. ఒకేసారి పూర్తి చేయాలనీ లేదు. కళ్లు లాగితే మర్నాడు పగటి వెలుతురులో కూర్చో, పట్టు మీద దీపం వెలుగులో పోగులు సరిగా కనపడవు.

పూర్తయ్యాక టాకాలు తీసేసి, లోపలివైపు నుంచి తక్కువ వేడితో ఇస్త్రీ చెయ్యి. కొన్నేళ్లకు ఫాల్ చిరిగితే, ఫాల్ మీదున్న పొడుగు కుట్లను కత్తెర మొనతో తెంపి, దారం ముక్కలు ఒక్కొక్కటిగా లాగెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ