డాక్టర్ సలహా: ఫ్రీ జాజ్ కచేరీ తర్వాత ఎడమ చెవిలో దిబ్బడ, హోరు.. మళ్లీ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 43. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ముందే కట్టుకున్న బాణీ, తాళం లేకుండా అప్పటికప్పుడు వాయించే ఫ్రీ జాజ్ అంటే నాకు ప్రాణం. రికార్డుల్లో కన్నా ఎదురుగా కూర్చుని వినడమే ఇష్టం. ఆఫీసు అయ్యాక రైలెక్కి మాన్‌హట్టన్‌లోని స్టోన్‌కో, బ్రూక్లిన్‌లోని రౌలెట్‌కో కచేరీలకు వెళ్తుంటాను. ఎప్పుడూ ముందు వరసే. పది రోజుల కిందట ఒక చిన్న గదిలో ఇద్దరు టెనర్ సాక్సోఫోన్, ఒకరు డ్రమ్స్ వాయించారు. డ్రమ్స్ నాకు ఎడమ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. ఇంటికొచ్చేసరికి రెండు చెవుల్లోనూ గుయ్యిమని హోరు. కుడి చెవిలో మర్నాటికి తగ్గింది. ఎడమ చెవి మాత్రం ఇప్పటికీ దిబ్బడ వేసినట్టే ఉంది, హోరు ఆగలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టక టెన్షన్‌గా ఉంటోంది. వెల్లుల్లి కాచిన నూనె వేసుకోమని ఊరి నుంచి అమ్మ చెబుతోంది. ఆ గోల వినడం మానెయ్యమని మా ఆవిడ అంటోంది. వచ్చే నెల జరిగే ఫ్రీ జాజ్ ఉత్సవం విజన్ ఫెస్టివల్‌కి అన్ని రోజులకూ టికెట్లు కొన్నాను. తొమ్మిదేళ్ల మా బాబును కూడా ఒక రోజు తీసుకెళ్దామనుకున్నాను. వెళ్లొచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: ఫెస్టివల్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఎడమ చెవి. పెద్ద శబ్దం విన్నాక హోరు రావడం, చెవులు మూసుకుపోయినట్టు ఉండడం చాలామందికి జరుగుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మీ కుడి చెవి అలాగే సర్దుకుంది. పది రోజులైనా ఒక చెవి మాత్రం తేరుకోలేదంటే ఇంకా ఆగి చూడడం సరికాదు. ఇది చదివిన రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఏం చెబుతారన్నది కూడా ముఖ్యమే. ‘చెవిలో హోరు’ అంటే మూడు వారాల తర్వాత అపాయింట్‌మెంట్ ఇవ్వొచ్చు. ‘పది రోజుల కిందట ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి తగ్గింది’ అని చెప్పండి. ఆ మాట వింటే తొందరగా చూస్తారు. అర్జెంట్ కేర్‌కి వెళ్తే జలుబు వల్ల చెవి బిగుసుకుందని ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చి పంపేసే అవకాశం ఉంది. అక్కడితో ఆగిపోకండి. ఏ చెవికి ఎంత వినిపిస్తోందో కొలిచే ఆడియోగ్రామ్ పరీక్ష చేయించాలని గట్టిగా అడగండి.

ఈలోగా ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని ‘ఊఁ..’ అని సన్నగా రాగం తీయండి. ఆ శబ్దం దిబ్బడగా ఉన్న ఎడమ చెవిలోనే గట్టిగా వినిపిస్తే గులిమి అడ్డుపడడమో, కర్ణభేరి వెనక నీరు చేరడమో కావచ్చు. బాగున్న కుడి చెవి వైపే వినిపిస్తే లోపలి చెవిలోనో, నరంలోనో దెబ్బ ఉందని అనుమానించాలి. మేం క్లినిక్‌లో శ్రుతిదండంతో చూసేదీ ఇలాంటిదే. ఇది సూచన మాత్రమే. ఎటు వినిపించినా ఆడియోగ్రామ్ తప్పదు.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. ఉన్నట్టుండి లోపలి చెవి వినికిడి పడిపోయినప్పుడు స్టెరాయిడ్ మందును రెండు వారాల లోపు మొదలుపెడితే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. మీకు ఆ గడువులో నాలుగు రోజులే మిగిలాయి. గడువు దాటాక కూడా కర్ణభేరి గుండా లోపలికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది కానీ, అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు? శబ్దం వల్ల దెబ్బతిన్న చెవికి ఈ మందు అందరిలో ఒకేలా పనిచేయదు. మీకు ఇవ్వాలా వద్దా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి. షుగర్, బీపీ ఉంటే ముందే చెప్పండి. స్టెరాయిడ్‌తో రెండూ పెరుగుతాయి. కళ్లు తిరుగుతున్నా, మూతి పక్కకు లాగినట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అమ్మగారు చెప్పిన నూనె వద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె లోపలికి పోయి చీము పడుతుంది. చిల్లు లేకపోయినా అది లోపలి చెవి దాకా చేరదు, విలువైన రోజులు మాత్రం గడిచిపోతాయి. పుల్లలు, బడ్స్ కూడా పెట్టకండి.

ఇక అసలు ఏం జరిగిందో చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమ కణాలు ఉంటాయి. గాలికి వాలిన వరి పైరు తెల్లారేసరికి లేచి నిలబడినట్టు, ఒక మోస్తరు శబ్దం తర్వాత ఇవి తేరుకుంటాయి. శబ్దం మరీ ఎక్కువైతే, లేదా తేరుకునే వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ తగిలితే కణం చచ్చిపోతుంది. మనిషి చెవిలో దాని స్థానంలో కొత్తది పుట్టదు. మొదట పోయేవి సాధారణంగా 3 వేల నుంచి 6 వేల హెర్ట్జ్ మధ్య శబ్దాలు. అందుకే ఆడియోగ్రామ్‌లో 4 వేల దగ్గర గీత గోతిలో పడ్డట్టు దిగుతుంది. డ్రమ్స్‌తో పాటు ఉండే ఇత్తడి పళ్లెం సింబల్ మీద కర్ర ఆనినప్పటి మెరుపు, టెనర్ పై స్వరాల్లో చీలి పలికే అనుస్వరాలు మనకు తెలిసేది చాలావరకు ఈ మేరలోనే. మీరు ఏ శబ్దాల కోసం ముందు వరసలో కూర్చుంటున్నారో వాటినే ముందుగా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

‘మైకులు, పెద్ద స్పీకర్లు లేవు కదా, చెవికేం కాదు’ అని ఈ సంగీతం వినేవాళ్లు అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. న్యూయార్క్‌లో ఫ్రీ జాజ్ 1970ల నుంచీ చిన్న గదుల్లోనే బతికింది. సాక్సోఫోన్ కళాకారుడు శామ్ రివర్స్ తన స్టూడియో రివ్‌బీలో కచేరీలు పెట్టిన ఆ లాఫ్ట్ (పాత గోదాముల పై అంతస్తు గదులు) రోజుల నుంచి, వాద్యానికీ శ్రోతకూ మధ్య వేదిక ఎత్తు కూడా లేకుండా కూర్చోవడం ఇందులో ఒక ఆనందం. 2005లో సాక్సోఫోన్ కళాకారుడు జాన్ జోర్న్ ప్రారంభించిన స్టోన్ 2018లో న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయ భవనంలోకి మారాక కూడా చిన్న గదే. అలాంటి చోట స్నేర్ డ్రమ్ పక్కన, సాక్సోఫోన్ గొట్టం ఎదుట 100 డెసిబెల్స్ దాటడానికి కరెంటు అక్కర్లేదు. పైగా ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా వాయించే పద్ధతి ఇక్కడ చాలాసార్లు ఉండదు. సాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1960 డిసెంబరులోనే రెండు క్వార్టెట్లను (నలుగురేసి ఉండే బృందాలను), అంటే ఇద్దరు డ్రమ్మర్లు సహా 8 మందిని, ఒకేసారి వాయించమని స్టూడియోలో కూర్చోబెట్టారు. అందరూ కలిసి పతాక స్థాయికి వెళ్లి అక్కడే ఇరవై నిమిషాలు ఉండిపోవడం ఈ సంగీతంలో మామూలే.

నియోష్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఉద్యోగుల కోసం పెట్టిన లెక్క ఇది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి తగ్గుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ఫ్యాక్టరీ కార్మికుల కోసం పెట్టిన లెక్క సంగీతానికి ఎందుకని అనుకోవద్దు. ఇష్టపడి విన్న శబ్దానికీ, తప్పక భరించిన శబ్దానికీ రోమ కణం తేడా చూడదు. ఐఫోన్ ఉంటే ఈ సంస్థదే సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి మీరు కూర్చునే చోట పెట్టి చూడండి.

ఇంకో సంగతి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్య చెవిలో చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుకుంటుంది. అది బిగుసుకోవడానికి సెకనులో కొన్ని వందో వంతుల సమయం పడుతుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పడే డ్రమ్ దెబ్బ అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. ఎప్పుడు ఏం వస్తుందో తెలియకపోవడమే మీకు ఈ సంగీతంలో నచ్చే గుణం కావచ్చు. చెవికి మాత్రం అదే ఇబ్బంది.

మీ ఆవిడ కోరినట్టు మానేయమని నేను చెప్పను. అరవై ఏళ్లకు పైగా ఎందరో కళాకారులు డబ్బు, గుర్తింపు పెద్దగా లేకుండానే నిలబెట్టుకొచ్చిన సంగీతం అది. ఎదురుగా కూర్చుని వినే మీలాంటి వాళ్లు ఉంటేనే అది నిలుస్తుంది. ఆవిడ కోపం మీ చెవి మీద బెంగతోనే అయి ఉంటుంది. ఆడియోగ్రామ్ కాగితం ఆవిడకు కూడా చూపించి, ఇకపై తీసుకోబోయే జాగ్రత్తలు చెప్పండి.

ఆ జాగ్రత్తల్లో మొదటిది మ్యుజీషియన్స్ ఇయర్‌ప్లగ్స్. మందుల షాపుల్లో దొరికే నురుగు ప్లగ్స్ కాపాడతాయి కానీ పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి. బాస్, కిక్ డ్రమ్ మిగిలి, సాక్సోఫోన్ గోడ అవతలి నుంచి వచ్చినట్టుంటుంది. మీలాంటి శ్రోత పది నిమిషాల్లో తీసి జేబులో పెట్టేసుకుంటారు. మ్యుజీషియన్స్ ప్లగ్స్ పై స్వరాలనూ, కింది స్వరాలనూ దాదాపు సమంగా తగ్గిస్తాయి. రెడీమేడ్‌వి కొన్ని పదుల డాలర్లలో వస్తాయి. వినికిడి నిపుణులైన ఆడియాలజిస్ట్ దగ్గర చెవి అచ్చు తీయించుకుంటే ఖర్చు చాలా ఎక్కువే కానీ, మీరు కచేరీలకు వెళ్లే తీరుకు నేను అదే చేయించుకోమంటాను. ఆ అచ్చులో 9, 15, 25 డెసిబెల్స్ ఫిల్టర్లు మార్చుకోవచ్చు. 15 ఫిల్టర్ సరిగ్గా అమరితే 100 డెసిబెల్స్ గదిలో మీ చెవికి చేరేది 85 దగ్గర ఉంటుంది. అంటే 15 నిమిషాల్లో అయిపోయే కోటా రెండు సెట్లకూ సరిపోతుంది.

మెల్లగా సాగే ఘట్టాల్లో ప్లగ్స్ తీసేయాలనిపిస్తుంది. షికాగోలో 1965లో మొదలైన ఏఏసీఎం అనే సంగీతకారుల సంఘం బృందాల దారిలో వాయించేవాళ్లు చిన్న గంటలు, ఈలలు, ఊపిరి చప్పుడు కూడా సంగీతంలో భాగం చేస్తారు. అవి వినపడవేమోనని తీస్తారు, మళ్లీ పెట్టుకునేలోపే అందరూ విజృంభిస్తారు. అలాంటి బృందం ఉన్న రోజు తీసి పెట్టడం కాకుండా 9 ఫిల్టర్ పెట్టుకుని నాలుగైదు వరసలు వెనక్కి జరగండి. ప్లగ్స్‌తో మొదట్లో మీ గొంతు మీకే బోలుగా వినిపిస్తుంది. ఇంట్లో రికార్డులు వింటూ కొన్నాళ్లు అలవాటు చేసుకుంటే ఆ తేడా మరిచిపోతారు.

కూర్చునే చోటు కూడా చూసుకోండి. సింబల్స్‌కి, గొట్టాలకి సూటిగా వద్దు. రౌలెట్‌లో బాల్కనీ ఉంది, అక్కడ వాద్యాలన్నీ కలిసిన శబ్దం బాగా అందుతుంది. సెట్‌కీ సెట్‌కీ మధ్య బయటకు వచ్చి నిలబడండి. తిరుగు రైల్లో అదే బృందం రికార్డు హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకునే అలవాటు ఉంటే మానండి. రైలు చప్పుడును మించి వినాలని తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం, అప్పుడే అలసిన చెవికి అది రెండో దెబ్బ.

రాత్రి హోరు గురించి. టినిటస్ అనే ఈ హోరు చాలాసార్లు చెవి నుంచి రావాల్సిన సంకేతం తగ్గినప్పుడు మెదడు దాన్ని పూరించబోవడం వల్ల వినిపించేది. పిచ్చి కాదు, మెదడులో గడ్డ ఉందన్న భయం కూడా పెట్టుకోవద్దు. ఒక చెవిలోనే ఆగకుండా ఉంటే మాత్రం ఎంఆర్ఐ అవసరమా కాదా అన్నది డాక్టర్ చూస్తారు. పడకగదిలో పూర్తి నిశ్శబ్దం లేకుండా ఫ్యానో, సన్నటి వాన చప్పుడో ఉంచుకోండి. ఉందా పోయిందా అని గంటకోసారి చెవి రిక్కించి చూసుకోకండి, గమనించేకొద్దీ పెరుగుతుంది. జింకో, మెలటోనిన్, జింక్ బిళ్లలు ఈ హోరుకు పనిచేస్తాయని నిరూపణ కాలేదు. నెలల తరబడి వేధిస్తే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో, అంటే ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్సతో, బాధ తగ్గుతుంది. హోరు పూర్తిగా పోకపోయినా అది మిమ్మల్ని పట్టి ఉంచడం తగ్గుతుంది.

ఇప్పుడు ఫెస్టివల్. బాస్ వాద్యకారుడు విలియం పార్కర్, నర్తకి పట్రీషియా నికల్సన్‌ల చొరవతో 1996 నుంచి జరుగుతున్న విజన్ ఫెస్టివల్‌లో సంగీతం వరసగా ఎన్నో సాయంత్రాలు ఉంటుంది. అసలు ఇబ్బంది ఆ వరసతోనే. ఆడియోగ్రామ్‌లో ఎడమ చెవి మామూలు స్థితికి వచ్చిందని తేలితే ప్లగ్స్ పెట్టుకుని రోజు విడిచి రోజు వెళ్లండి. కొంతే వచ్చి, ఇంకా మెరుగవుతూ ఉంటే ఒకటి రెండు సాయంత్రాలు ఎంచుకుని వెనక కూర్చోండి. వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడగండి. స్టెరాయిడ్ కోర్సు నడుస్తున్నా, చెవి దిబ్బడ అలాగే ఉన్నా ఈ ఏడాదికి టికెట్లు ఇంకొకరికి ఇచ్చేయండి. బాధగా ఉంటుందని తెలుసు. ఇంకా ముప్ఫై ఏళ్లు వినాల్సిన చెవులు అవి.

బాబును తీసుకెళ్లడం మంచి ఆలోచనే. పిల్లల సైజు ఇయర్‌మఫ్స్ కొనండి. చెవిలో పెట్టే ప్లగ్స్ ఆ వయసులో సరిగ్గా అమరవు, ఊడిపోతుంటాయి. ముందు ఇంట్లో పెట్టి అలవాటు చేయండి. ఒక్క సెట్‌కే కూర్చోబెట్టండి, వేదికకు దూరంగా, తలుపు దగ్గర. ‘చెవి నొప్పి’ అన్నా, చేతులతో చెవులు మూసుకున్నా ఎంత గొప్ప ఘట్టమైనా సరే లేచి బయటకు తీసుకురండి.